పచ్చ తీగలో ఏముంది?

నవంబరు 21 ప్రపంచ టెలివిజన్ దినోత్సవం. 1996లో ఐక్యరాజ్యసమితి ఖాయం చేసిన తేదీ. టీవీ తొలినాళ్ల ఆవిష్కర్త బెయిర్డ్ గారి యంత్రం, 1959లో ఢిల్లీ తొలి ప్రసారం మీరు చాలాసార్లు విన్నవే. అందుకని నేను టీవీ వెనక్కి, దుమ్ముపట్టిన తీగల దగ్గరికి వెళ్తాను.

మొదట్లో టీవీలోకి ఒకటే దారి, యాంటెన్నా. ఎనభైలలో వీడియో డెక్కు అద్దెకు తెచ్చి తెల్లవార్లూ సినిమాలు వేసుకున్నప్పుడూ ఆ దారే. డెక్కు లోపల ఒక బుల్లి ప్రసార కేంద్రం ఉండేది. క్యాసెట్లో బొమ్మను ఒక ఛానల్‌గా మార్చి పంపేది, టీవీ దాన్ని మళ్లీ విప్పుకునేది. ఈ మార్పిళ్లలో బొమ్మ కొంత నలిగేది. తర్వాత పసుపు, తెలుపు, ఎరుపు పిన్నులొచ్చాయి. తెలుపు, ఎరుపు శబ్దానికి, బొమ్మంతా పసుపులోనే. ఆ పిన్ను అసలు టీవీ కోసం పుట్టింది కాదు. గ్రామఫోనును రేడియోకు కలపడానికి 1930లలో ఆర్‌సీఏ కంపెనీ చేసింది. రేడియోలో కూర్చుని ఈ మాట చెప్పడం భలే సరదాగా ఉంది.

డీవీడీల కాలానికి ఆకుపచ్చ, నీలం, ఎరుపు తీగలతో కాంపొనెంట్ అనే పద్ధతి వచ్చింది. మూడు తీగల్లో మూడు రంగులు వెళ్తాయని చాలామంది అనుకుంటారు. కాదండీ. పచ్చ తీగలో వెళ్లేది వెలుగు, అంటే పూర్తి నలుపు తెలుపు బొమ్మ. మిగతా రెండింటిలో వెళ్లేవి తేడాలు: నీలానికీ వెలుగుకీ ఎంత, ఎరుపుకీ వెలుగుకీ ఎంత అని. ఆకుపచ్చ రంగుకు విడిగా తీగే లేదు, టీవీ లెక్కకట్టుకుంటుంది. పాత ప్లేయరు మూల పడి ఉంటే, మామూలు సెట్టింగులో ఉంచి, ఆ పచ్చ తీగ ఒక్కటీ టీవీ పసుపు సాకెట్లో పెట్టి చూడండి. నలుపు తెలుపు సినిమా శుభ్రంగా వస్తుంది.

ఈ ఉపాయం జార్జ్ వాలెన్సీ అనే ఫ్రెంచి ఇంజినీరుది. 1938లో పేటెంటు తీసుకున్నాడు. రంగుల టీవీ ప్రసారాలే లేని రోజుల్లో, రేపు అవి వస్తే పాత సెట్లవాళ్ల గతేమిటని ఆలోచించాడు! వెలుగును విడిగా, రంగును విడిగా పంపితే పాత సెట్టు తనకు కావలసింది తీసుకుని మిగతాది వదిలేస్తుంది. అమెరికాలో సీబీఎస్ అనే ప్రసార సంస్థ వాళ్లు మరో దారి పట్టారు. రంగుల చక్రం గిర్రున తిరిగే పద్ధతికి 1950లో అనుమతి తెచ్చుకుని 1951 జూన్‌లో ప్రసారాలు మొదలుపెట్టారు. ఇళ్లలో ఉన్న సెట్లలో ఆ బొమ్మ రాదు. అక్టోబరుకల్లా ఆపేశారు. 1953లో అక్కడ ఖాయమైన పద్ధతిలోనూ, తర్వాత మన దేశం తీసుకున్న జర్మన్ల పాల్ పద్ధతిలోనూ ఉన్నది వాలెన్సీ ఆలోచనే.

1982లో ఆసియా క్రీడలు రంగుల్లో ప్రసారమైనప్పుడు హైదరాబాదులో మా పిన్నిగారింట్లో నలుపు తెలుపు సెట్టే. వీధి వీధంతా అక్కడే. తెరకు అడ్డంగా రంగుల ప్లాస్టిక్ షీటొకటి, పైన నీలం, కింద ఆకుపచ్చ. బాబాయిగారు దాన్ని కలర్ టీవీ అనే పిలిచేవారు, ఎవరూ కాదనేవారు కాదు. ఆ సెట్టులో ఆటలు చక్కగా కనిపించాయంటే ఆ పుణ్యం వాలెన్సీది.

కానీ ప్రసారం ఒకే ఛానల్లో ఇమడాలని వెలుగులోనే రంగును కలిపేశారు. టీవీ విడదీసుకోవాలి, పప్పన్నంలోంచి నెయ్యి తీయమన్నట్టు. న్యూస్ చదివేవారి సన్నగళ్ల చీర మీద లేని హరివిల్లు పాకేది అందుకే. తర్వాత వచ్చిన ఎస్-వీడియో అనే తీగ ఆ రెంటినీ రెండు దారుల్లో నడిపింది, కాంపొనెంట్ మూడు చేసింది.

2002 చివర్లో హెచ్‌డీఎంఐ వచ్చింది. బొమ్మ, శబ్దం కలిసి అంకెలుగా ఒకే తీగలో. బంగారు పూతకు వేలు పోస్తే రంగులు బాగుంటాయనే మాట నమ్మకండి. అంకెలు చేరితే బొమ్మ మొత్తం వస్తుంది, చేరకపోతే చుక్కలు మెరుస్తాయి, తెర నల్లబడుతుంది. తీగ మరీ పొడవైతేనే చిక్కు. అన్నట్టు, మీరు ఫోన్లో చూసే సినిమా కూడా వెలుగు, రంగు విడివిడిగానే దాచినది. నాలుగు చుక్కలకు వెలుగు నాలుగు, రంగు మాత్రం నాలుగింటికీ కలిపి ఒకటే. మన కన్ను పట్టుకోదు.

హోమ్ థియేటర్ సంగతి గబగబా చెప్పేస్తాను. టీవీ వెనక ఏఆర్‌సీ అని రాసున్న హెచ్‌డీఎంఐ సాకెట్లోనే తీగ పెట్టండి, టీవీ శబ్దం ఆంప్లిఫయరుకు అదే తీగలో తిరిగొస్తుంది. మాటలు వచ్చేది మధ్య స్పీకరులో, దాన్ని షోకేసు అద్దాల వెనక దాచకండి. వెనక స్పీకర్లు మీ పక్కకు, కాస్త వెనగ్గా చాలు. ఇంకో రెండు స్పీకర్లు కొనే ముందు కర్టెన్లు కొనమంటాను. మన గ్రానైట్ నేల, బోసి గోడల మధ్య ఎంత ఖరీదైన స్పీకరైనా గోలపెడుతుంది. ఇక సబ్‌ఊఫర్‌కు చోటు వెతకాలంటే దాన్ని మీరు కూర్చునే సోఫా మీద పెట్టి, డప్పు బాగా ఉన్న పాట వేసి, గోడ వెంట నేలమీద పాకుతూ వినండి. దెబ్బ ఎక్కడ తేటగా వినిపిస్తే అక్కడే దాని చోటు. ఇంట్లోవాళ్లు నవ్వితే నవ్వనివ్వండి.