ఇంటి పాటల పట్టిక

పాటలను కూడబెట్టని ఇల్లు అరుదు. అటక మీద పాత గ్రామఫోను రికార్డులు, బీరువాలో కాసెట్లు, సొరుగులో సీడీలు, చేతిలోని ఫోనులో లెక్కకు అందనన్ని పాటలు. కూడబెట్టుట తేలికయే. కోరిన పాట కోరిన వేళకు దొరకుట కష్టము. మొన్నటి వేసవిలో మేము మా ఇంటి సేకరణకు ఒక పట్టిక వ్రాయ పూనుకొన్నాము. పది రోజుల పని అనుకొన్నది నాలుగు నెలలు పట్టినది. ఆ ముచ్చటనే నేడు శ్రోతలకు విన్నవించదలచినాము.

పాటకు పేరుచీటీ వ్రాయు చిక్కు రికార్డుతోనే పుట్టినది. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాడిన పాటలను మన దేశపు తొలి రికార్డులలో చేర్చి చెప్పుకొంటాము. పాట ముగియగానే ఆమె తన పేరును ఇంగ్లీషులో గట్టిగా ప్రకటించేవారు. వినువారికి అది దర్పముగా తోచును. కాని ఆ రికార్డులు అచ్చయినది జర్మనీలోని హానోవరు నగరములో. మన భాష రాని అక్కడివారు చీటీ మీద ఎవరి పేరు వేయవలెనో తెలియుటకే ఆ ప్రకటన. గాయని స్వయముగా తన పట్టికను తానే వ్రాయించుకొన్నదన్నమాట!

పాట కంప్యూటరులోనికి వచ్చిన పిమ్మట చీటీ కూడ పాటలోనే చేరినది. ఎంపీత్రీ పాటకు తోకవలె అంటియుండు ఐడీత్రీ అను చీటీ 1996లో వచ్చినది. దాని మొత్తము పరిమాణము 128 బైట్లు. అందులో పాట పేరుకు 30, గాయకుని పేరుకు 30. ఇంగ్లీషు అక్షరమునకు ఒక బైటు చాలును. తెలుగు లిపికి నేడు వాడుకలోనున్న పద్ధతిలో గుర్తుకు మూడేసి బైట్లు కావలెను. గుణింతమునకు వేరు, పొల్లుకు వేరు. ఆ లెక్కన త్యాగరాజస్వామి అని వ్రాయుటకు 42 బైట్లు. ఆ గదిలో స్వామివారికి చోటే లేదు. నిజమునకు ఆ తొలి చీటీ చేసినవారి తలపులో తెలుగు లిపియే లేదు. తరువాతి చీటీలలో ఈ ఇరుకు తీరినది. కాని సంగీతపు తీరును తెలుపుటకు మొదట ఇచ్చిన 80 పేర్లలో కర్ణాటక సంగీతము కానరాదు. పోల్కా మాత్రము ఉన్నది.

చోటు దొరికినను, గడులు మనవి కావు. ఆర్టిస్టు అను గడిలో ఎవరి పేరు వ్రాయవలెను? మా సేకరణలో కొన్ని పాటలకు త్యాగరాజు అనియే ఉన్నది. 1847లో సిద్ధి పొందిన మహానుభావుడు స్టూడియోకు విచ్చేసి పాడినట్లు! అదియును ఇంగ్లీషు లిపిలో టీ పక్కన హెచ్ ఉన్న త్యాగరాజు ఒకరు, లేని త్యాగరాజు ఇంకొకరు. యంత్రమునకు వారిద్దరు వేర్వేరు మనుషులు. అన్నమాచార్యుల సంకీర్తనల మెలిక మరియొకటి. రాగిరేకుల మీద సాహిత్యము, రాగము పేరు ఉన్నవి గాని స్వరలిపి లేదు. మనము వినే బాణీలు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు, నేదునూరి కృష్ణమూర్తిగారు వంటి పెద్దలు కూర్చినవి. ఒకే సంకీర్తన రెండు రాగములలో కనబడినంతమాత్రమున ఒకటి తప్పని కొట్టివేయరాదు. బాణీ ఎవరిదో వ్రాయవలెను.

రాగము పేరు సైతము ఏమార్చును. భైరవి అని మాత్రము వ్రాసి ఊరుకొన్న చీటీ అక్కరకు రాదు. హిందుస్తానీ భైరవి మన తోడికి చుట్టము. మన భైరవికి కాదు.

సినిమా పాటలు తేలికయనుకొన్నాము. దేవదాసు అని వెదకినచో 1953 నాటిది, 1974 నాటిది, 2006 నాటిది ఒకే వరుసలో నిలిచినవి. ఇక ఇంటిపేర్ల గొడవ. ఎస్. జానకి, ఎస్. వరలక్ష్మి, ఎస్. రాజేశ్వరరావు అందరును ఒకే అక్షరము క్రింద గుమిగూడిరి. తెలుగువారి ముందక్షరము ఇంటిపేరు. ఎం. ఎస్. సుబ్బులక్ష్మిగారికి మొదటిది ఊరు, రెండవది తల్లి పేరు. ఘంటసాలవారిని మాత్రము లోకము ఇంటిపేరుతోనే పిలిచినది. ఏ సూత్రము పెట్టినను ఎవరో ఒకరు దానికి లొంగరు.

తుదకు మాకు దారి చూపినది మా వృత్తియే. కచేరీకి ముందు ప్రకటించువారు గాయకుని పేరు, ప్రక్కవాద్యములు, కృతి, రాగము, తాళము, రచయిత అని వరుసగా చెప్పుదురు. ఆ వాక్యమునే గళ్ల నోటుబుక్కులో గడులుగా విడగొట్టితిమి. దానికి రికార్డు చేసిన సంవత్సరమును, ఈ సంగతి మాకు ఎవరు చెప్పినారను గడిని చేర్చితిమి. ఈ కడపటి గడిని మొదట అనవసరమనుకొన్నాము.

దాని విలువ ఒక కాసెట్టు వలన తెలిసినది. పైన మా తండ్రిగారి చేతివ్రాతలో ‘అమ్మ పాటలు’ అని మాత్రమే ఉన్నది. ఎవరి అమ్మ? ఆయన తల్లియా, మా తల్లియా? ముగ్గురును నేడు లేరు. కాసెట్టు పట్టుకొని ఎనుబది నాలుగేండ్ల మా మేనత్తగారి వద్దకు వెళ్లినాము. మొదటి వైపున ఒక మంగళహారతి, నడుమ ఏదో గ్లాసు క్రిందపడిన చప్పుడు, ఒక పసివాని నవ్వు. ఆమె కన్నులు మూసుకొని విన్నది. “మా అమ్మ కాదురా, మా వదిన. ఈ హారతి ఆమె పుట్టింటినుంచి తెచ్చుకున్నది. మా అమ్మకు రానేరాదు. ఆ నవ్వింది నువ్వే” అన్నది. మాకు తెలియని మా తల్లి గొంతును మేము అట్లు తెలుసుకొన్నాము.

రెండవ వైపున వేరొక వృద్ధురాలి గొంతు. మేనత్తగారు రెండుమార్లు విని తల ఊపినారు. “మా పెద్దక్కయ్య ఉంటే చెప్పేది” అన్నారు. ఆమె పోయి ఆరేండ్లయినది. మా నోటుబుక్కులో ఆ వరుసలో గాయని గడి ఖాళీగానే ఉన్నది. నిడివి మాత్రము వ్రాసినాము: ఏడు నిమిషముల పది సెకండ్లు.