బొబ్బిలి కథ ఎవరు చెప్పారు?



పొద్దున్న కుళాయి దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు గొడవ పడ్డారనుకోండి. బిందె ముందు పెట్టింది ఎవరు, వెనక పెట్టింది ఎవరు, అదే గొడవ. కాసేపటికి ఆ సంగతి పై వీధికి వెళ్తుంది. బిందె విసిరింది అంటారు అక్కడ. మధ్యాహ్నానికి నాట్లు వేసే మడిలోకి వెళ్తుంది. తల పగిలింది అంటారు అక్కడ. రాత్రికి చూస్తే ఆ ఇద్దరూ ఒకే అరుగు మీద కూర్చుని ఆకువక్క నములుతూ ఉంటారు.

ఒక్క పూటలో కథ అంత మారింది. మరి రెండు వందల అరవై ఏళ్ళు దాటిన కథ ఎంత మారి ఉంటుంది?

ఆ కథ మనదే. బొబ్బిలి యుద్ధం కథ. మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో దాన్ని వినని ఇల్లు అరుదు. కొందరు జంగం కథలో విన్నారు. కొందరు బుర్రకథలో విన్నారు. సినిమాలో చూసినవాళ్ళు ఇంకా ఎక్కువ.

ముందు అందరూ ఒప్పుకునే సంగతులు చూద్దాం. 1757 జనవరి 24న యుద్ధం జరిగింది. కోటలో ఉన్నది బొబ్బిలి రాజా రంగారావు. కోట మీదికి వచ్చింది విజయనగరం రాజు పూసపాటి విజయరామరాజు. ఆయనతో పాటు ఫ్రెంచి సేనాపతి బుస్సీ వచ్చాడు. ఫిరంగులు బుస్సీవి. కోట పడిపోయింది. రంగారావు చనిపోయాడు. కోటలో ఆడవాళ్ళు, పిల్లలు చనిపోయారు. కొద్ది రోజుల్లోనే ఒక రాత్రి విజయరామరాజుని ఆయన గుడారంలోనే పొడిచి చంపారు. రంగారావు కొడుకు, చిన్నపిల్లవాడు, బతికాడు.

ఇంతవరకూ పేచీ లేదు. పేచీ అంతా మిగతా దాంట్లోనే ఉంది.

1964లో 'బొబ్బిలి యుద్ధం' సినిమా వచ్చింది. రంగారావుగా ఎన్.టి.రామారావు వేశారు. రాణి మల్లమ్మగా భానుమతి వేశారు. తాండ్ర పాపారాయుడుగా ఎస్.వి.రంగారావు వేశారు. 1986లో కృష్ణంరాజు గారితో 'తాండ్ర పాపారాయుడు' అని ఇంకో సినిమా వచ్చింది. వాటిని టెంటు హాలులో నేల టిక్కెట్టు కొని చూసినవాళ్ళు ఉన్నారు. టీవీలో చూసినవాళ్ళు ఉన్నారు. ఇప్పుడు మనవలు సెల్‌ఫోన్‌లో చూస్తున్నారు. మల్లమ్మ అనగానే మన కళ్ళకి భానుమతి గారే కనిపిస్తారు. ఆమె ఎంత బాగా చేసినా 1757లో మాత్రం ఆమె లేరు కదా!

అలాగని సినిమా అంతా అబద్ధం అనెయ్యకూడదు. సినిమా పని వేరు. మూడు గంటల్లో కథ అయిపోవాలి. పాటలు ఉండాలి. ఒక మంచివాడు, ఒక చెడ్డవాడు ఉండాలి. పెట్టిన డబ్బు తిరిగి రావాలి. పైగా 1964 నాటికి మనకి స్వాతంత్ర్యం వచ్చి పదిహేడేళ్ళు. తెల్లవాడి మీద కత్తి దూస్తే హాలులో చప్పట్లు కొట్టే కాలం. అందుకని బొబ్బిలి వైపు దేశభక్తులు, విజయనగరం వైపు దేశద్రోహులు అన్నట్టు చూసినవాళ్ళకి తోస్తుంది. ఆ సినిమా తలుచుకుని మా ఊరు గొప్ప, మీ ఊరు ద్రోహి అని మాటలు విసురుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

1757లో ఆ రాజులు దేశం కోసం కొట్టుకున్నారా? అప్పటికి నాలుగేళ్ళ ముందు, 1753లో, హైదరాబాదు నిజాం తన సైన్యం ఖర్చు కింద కోస్తా సర్కార్లని ఫ్రెంచివాళ్ళకి రాసిచ్చాడు. శ్రీకాకుళం సర్కారు అందులోదే. రాజులు కట్టే కప్పం ఇక బుస్సీకి వెళ్ళాలి. విజయరామరాజు బుస్సీతో స్నేహం చేశాడు. బొబ్బిలికీ విజయనగరానికీ పాత పగ ఉంది. సరిహద్దు తగవులని, నీళ్ళ తగవులని చెబుతారు. గెడ్డ నీళ్ళ కోసం తలలు పగలడం మనకి కొత్త సంగతి కాదు కదా. ఆ పగలోకి ఫిరంగులు వచ్చి చేరాయి. ఆ కప్పానికి గింజలు పండించిన రైతు బొబ్బిలిలో ఉన్నా విజయనగరంలో ఉన్నా ఒకటే. ఆ రైతు ఏ సినిమాలోనూ ముందు వరసలో కనిపించడు.

ఇప్పుడు గుడారంలో జరిగిన హత్య సంగతి చూద్దాం. మన పాటల్లో చంపింది తాండ్ర పాపారాయుడు. యుద్ధం నాడు ఆయన రాజాంలో ఉన్నాడు. కబురు ఆలస్యంగా అందింది. వచ్చి చూసేసరికి కోట బూడిద. పగ తీర్చుకున్నాడు.

ఇంకోచోట ఇంకోలా ఉంది. రాబర్ట్ ఓర్మ్ అని ఒక ఇంగ్లీషువాడు పెద్ద చరిత్ర పుస్తకం రాశాడు. బొబ్బిలి సంగతి ఉన్న భాగం 1778లో అచ్చయింది. అందులో పాపారాయుడి పేరు లేదు. నలుగురు సైనికులు అని ఉంది. తమ రాజు పడిపోవడం చూసి వాళ్ళు కోటలో ఒక మూల దాక్కున్నారట. రాత్రి గోడ దిగారట. అవతలివాళ్ళదీ అదే భాష కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదట. రెండు రోజులు తుప్పల్లో ఉన్నారట. తరవాత ఇద్దరు వెళ్ళి, నేల మీద పాకి, గుడారం వెనక నుంచి దూరారట. విజయరామరాజు ఒంటి మీద 32 పోట్లు ఉన్నాయట. ఆ ఇద్దరినీ అక్కడే కాల్చేశారట. వాళ్ళ పని చెడితే తాము చెయ్యాలని మిగతా ఇద్దరూ అడవిలో కాచుకుని ఉన్నారట.

ఏది నిజం? తొందరపడకండి. పుస్తకంలో అచ్చయింది కాబట్టి ఓర్మ్ మాటే నిజం అనిపిస్తుంది. కొత్తగా చదువు వచ్చినవాళ్ళకి ముందు పట్టే జబ్బు అదే. అచ్చులో ఉంటే చాలు, నమ్మేస్తారు. కాని యుద్ధం నాటికి ఓర్మ్ బొబ్బిలిలో లేడు. మద్రాసులో కుంఫిణీ కొలువులో ఉన్నాడు. ఎవరో చెబితే విన్నాడు. యుద్ధం అయిన 21 ఏళ్ళకి అచ్చేశాడు. ఇక పాట పాడినవాళ్ళు ఈ నేల మీదవాళ్ళు. పేర్లు వాళ్ళకే బాగా తెలుస్తాయి. అయితే పాటకి ఒక వీరుడు కావాలి. 'ఎవరో నలుగురు' అంటే పాట సాగదు. నలుగురు చేసిన పని ఒక పెద్ద పేరు మీదికి చేరిందేమో. లేకపోతే పాపారాయుడి పేరు మద్రాసు దాకా వెళ్ళలేదేమో. రెండింటికీ వీలుంది. ఇప్పటికి చెప్పగలిగింది అంతే.

అసలు కష్టమైన సంగతి ఇంకోటి ఉంది. కోటలో ఆడవాళ్ళ సంగతి.

మనం విన్న మాట ఏది? కోట పడిపోతోందని తెలిసి, శత్రువు చేతికి చిక్కకూడదని, మానం కోసం ఆడవాళ్ళు ప్రాణాలిచ్చారు అని. ఓర్మ్ రాసింది చదివితే ఒళ్ళు జలదరిస్తుంది. రంగారావు తన ముఖ్యుల్ని పిలిచి, కోట నిలబడదు, ఆడవాళ్ళూ పిల్లలూ వాళ్ళ చేత పడకూడదు అన్నాడట. కొందరు మగవాళ్ళు ఒక చేత్తో బల్లెం, ఒక చేత్తో కాగడా పట్టుకుని ఇళ్ళ మీదికి వెళ్ళారట. ఇళ్ళకి నిప్పు పెట్టారట. చంకలో బిడ్డతో ఉన్న తల్లుల్ని కూడా పొడిచారట.

'ప్రాణాలిచ్చారు' అన్నది ఒక మాట. 'ప్రాణాలు తీశారు' అన్నది ఇంకో మాట.

ఒక ఊళ్ళో రాత్రి బడిలో ఈ రెండు మాటలూ పలక మీద పక్కపక్కన రాశారు. అందరూ కూడబలుక్కుని చదివారు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. వెనక కూర్చున్న ముసలామె అడిగింది: "ఆ ఆడోల్లని ఎవులైనా అడిగినారేటమ్మా?"

ఆమె కోడలు వరసది ఊరుకోలేదు. "అదేటత్తా అలాగంతావు? తెల్లోలు తుపాకులట్టుకుని వస్తన్నారు. ఏటి సేస్తారో అని బయ్యం ఉండదేటి? మల్లమ్మే అలాగ సేద్దారని అని ఉంతాది."

"మల్లమ్మ అని ఉంతాదే. రాణీగారు. నాను కాదన్ను. మరి గిన్నెలు తోమీ దాసీది? పురిటి మంచం మీద ఉన్నాది? సంటిగుంట? ఆ గుంట కూడా సరే అందేటి?"

ముసలామె అడిగిన ప్రశ్నకి ఏ పుస్తకంలోనూ జవాబు లేదు. భయం నిజమే అయి ఉండవచ్చు. కొందరు ఆడవాళ్ళు తమంతట తామే చావుకి సిద్ధపడి ఉండవచ్చు. కాని పాట కట్టిన జంగం మగవాడు. ఓర్మ్ మగవాడు. ఓర్మ్‌కి కబురు చేర్చింది కూడా సైన్యంలో మగవాళ్ళే అయి ఉంటారు. బొబ్బిలిలో యుద్ధం గుర్తుగా ఒక స్తంభం ఉంది. దాన్ని 1891లో బొబ్బిలి రాజావారే నిలబెట్టారు. తమ పూర్వుల శౌర్యం నిలవాలని పెట్టినది అది. అందులో తప్పు లేదు. కాని యుద్ధం నాటి నుంచి స్తంభం నాటికి 134 ఏళ్ళు గడిచాయి. ఇన్ని నోళ్ళలో కోటలో ఉన్న ఆడమనిషి నోరు ఒక్కటీ లేదు.

ఒక చిన్న ఆధారం మాత్రం ఉంది. ఓర్మ్ పుస్తకంలోనే ఉంది. అంతా అయిపోయాక ఒక ముసలివాడు ఒక పిల్లవాణ్ణి చెయ్యి పట్టుకుని వచ్చాడట. ఇతను రంగారావు కొడుకు, తండ్రి ఇష్టానికి విరుద్ధంగా దాచి కాపాడాను అన్నాడట. ఈ మాట నిజమైతే కోటలో అందరిదీ ఒకే మనసు కాదన్నమాట. వద్దు, పిల్లవాణ్ణి చంపవద్దు అనుకున్న మనిషి కనీసం ఒకడున్నాడు. ఆడవాళ్ళలో ఎంతమంది అలా అనుకున్నారో! ఆ ముసలివాడి పేరు కూడా ఓర్మ్ రాయలేదు. బుస్సీ మాత్రం ఆ పిల్లవాణ్ణి ఎంతో దయగా చూశాడని, అతనికి జమీను రాసిచ్చాడని బాగానే రాశాడు. కోటని కొట్టిన ఫిరంగులు ఎవరివో ఆ దయ దగ్గర మనం మరిచిపోకూడదు.

ఇదంతా రాజుల కాలం నాటి మాట, మనకెందుకు అనకండి. మన కళ్ళ ముందు జరిగినవి కూడా రేపు కథలే అవుతాయి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరితోటలు, జీడితోటలు నేలకూలాయి. దాని మీద టీవీ చెప్పిన మాట ఉంది. ఆఫీసులో రాసుకున్న జాబితా ఉంది. ఫోన్లో తిరిగే బొమ్మలు ఉన్నాయి. వాటిలో కొన్నిటి మీద ఊరూ ఉండదు, తేదీ ఉండదు. ఏ తుపానువో ఎవరికి తెలుసు? ఆ రాత్రి ఇంటి పైకప్పు లేచిపోతే పిల్లల్ని మంచం కిందికి తోసిన తల్లి మాట ఎక్కడుంది?

ఉద్దానం వైపు ఒక రాత్రి బడిలో ఆడవాళ్ళు దాన్ని నోటుబుక్కులో రాయడం మొదలుపెట్టారు. పేజీ పైన తేదీ వేస్తారు. దాని కింద చెప్పిన మనిషి పేరు రాస్తారు. ఆ పక్కన 'చూసింది' అనో 'విన్నది' అనో రాస్తారు. ఒకామె తమ తోటలో 40 కొబ్బరిచెట్లు పడ్డాయని రాసింది. పక్కన 'చూసింది' అని రాసింది. పక్కింటామె తొంగి చూసి, "నలభయ్యా? పాతిక ఉంతాయి గావాల" అంది. ఇద్దరూ కాసేపు వాదించుకున్నారు. చివరికి రాసినామె 'చూసింది' అన్న మాట కొట్టేసింది. దాని కింద నిదానంగా, గుండ్రటి అక్షరాలతో ఇలా రాసింది: 'మా ఆయన 40 అన్నాడు. నేను లెక్కపెట్టలేదు.'

తోటలో కొన్ని మొదళ్ళు ఇంకా ఉన్నాయట. తెల్లారి వెళ్ళి లెక్కపెడతానని చెప్పి, నోటుబుక్కు మూసి, లాంతరు పట్టుకుని ఇంటికి వెళ్ళింది.