అమెరికా యూనివర్సిటీలో నా హిందీ చదువు



పోయిన నెల మా అక్క ఫోన్ చేసింది. వాళ్ళమ్మాయి ఇక్కడే పుట్టి పెరిగింది. ఇప్పుడు కాలేజీలో చేరుతోంది. డిగ్రీకి ఏదో ఒక పరభాష చదవాలి కాబట్టి హిందీ తీసుకుంటానందట. "ఒరేయ్, అమ్మమ్మతో తెలుగులో నాలుగు ముక్కలు మాట్లాడదు గానీ దీనికి హిందీ కావాల్సొచ్చిందా? నువ్వైనా చెప్పు" అని అక్క గోల. నేనేం చెప్పను? ఎమ్మెస్ చదివే రోజుల్లో నేను చేసిందీ అదే పని. ఆ సంగతే ఈ పూట మీతో చెప్పుకుందామని వచ్చాను.

మాది తెనాలి. చిన్నప్పుడు మాకు హిందీ అంటే ఒక పరీక్ష, అంతే. పదో తరగతిలో 20 మార్కులొస్తే గట్టెక్కినట్టే. దానికి తోడు సాయంత్రం ట్యూషన్లో దక్షిణ భారత హిందీ ప్రచార సభ పరీక్షలు. 1918లో గాంధీగారి చొరవతో మద్రాసులో మొదలైన సంస్థ అది. ప్రాథమిక, మధ్యమ, రాష్ట్రభాష మూడూ పాసయ్యాను. ఆవు మీద వ్యాసం చూడకుండా రాసేవాణ్ణి. అంత చదివీ ఎవరినైనా హిందీలో మంచినీళ్ళు అడిగిన పాపాన పోలేదు.

2011లో అమెరికా వచ్చాక తెలిసింది, ఇండియా వాడంటే హిందీ వచ్చి ఉంటుందని ఇక్కడ అందరూ అనుకుంటారని. మనవాళ్ళు నలుగురు చేరితే జోకులన్నీ హిందీలోనే. అందరూ నవ్వాక నేనూ నవ్వేవాణ్ణి, కాస్త ఆలస్యంగా. చివరికి సిగ్గు విడిచి, యూనివర్సిటీలో మొదటి ఏడాది హిందీ క్లాసులో వెనక బెంచీలో కూర్చున్నాను.

అసలు అమెరికా యూనివర్సిటీల్లో హిందీ ఎందుకుందని అడుగుతారేమో. 1957లో రష్యావాళ్ళు స్పుత్నిక్ ఎగరేశారు. మరుసటి ఏడు, 1958లో, అమెరికా ప్రభుత్వం ఒక విద్యా చట్టం చేసి సైన్సుతో పాటు విదేశీ భాషల చదువుకీ డబ్బిచ్చింది. అందులో హిందీ చదువుకీ వాటా దక్కింది. 2006లో దేశ భద్రతకి ముఖ్యమైన భాషలంటూ అరబిక్, చైనీస్, రష్యన్, ఫార్సీలతో పాటు హిందీని కూడా చేర్చారు. తెలుగుకి అంత అదృష్టం పట్టలేదు. విస్కాన్సిన్‌లో వెల్చేరు నారాయణరావుగారు దశాబ్దాల పాటు తెలుగు బోధించారు గానీ, అలాంటి చోట్లు బహు కొద్ది.

ఇక క్లాసు సంగతికొస్తే, సగం మంది ఇక్కడ పుట్టిన మన పిల్లలే. వాళ్ళకి మాట వచ్చు, అక్షరం రాదు. నాకు అక్షరం వచ్చు, మాట రాదు. అమెరికన్ పిల్లలకి రెండూ కొత్తే. వాళ్ళు "ముఝే భూఖ్ లగీ హై" దగ్గర తలలు పట్టుకునేవారు, ఆకలి వేసేది నాకైతే వాక్యంలో "నేను" ఏదీ అని. నాకది నల్లేరు మీద నడక. "నాకు ఆకలి వేసింది" అని మనమూ అలాగే అంటాం కదా. బల్ల మీద అన్నట్టే "మేజ్ పర్". క్రియ మనలాగే చివర్న వస్తుంది.

నా కష్టమల్లా ఆడా మగా దగ్గర. మనకి అమ్మ వచ్చింది, బస్సు వచ్చింది. రెంటికీ ఒకటే క్రియ. హిందీలో కుర్చీ ఆడది, తలుపు మగది, రొట్టె ఆడది, నీళ్ళు మగవి. పైగా "నే" ఒకటుంది. తిన్నది నేనే అయినా క్రియ మాత్రం నన్ను పట్టించుకోదు, తిన్న వస్తువు వెంట పోతుంది. అన్నమైతే "మైనే చావల్ ఖాయా", రొట్టె అయితే "మైనే రోటీ ఖాయీ". మా రూమ్మేటుది హైదరాబాదు. "మై రోటీ ఖాయా అంటే పోలా, ఈ గొడవంతా ఎందుకు?" అనేవాడు. దక్కనీలో ఆ "నే" బాధ లేదు మరి. మనం "అని" అన్నచోట వాళ్ళు "బోల్కే" అంటారు. తెలుగు పొరుగున పెరిగిన భాష కదా.

మొదటి రోజే నేను "మైనే చాయ్ పియా" అన్నాను. చాయ్ ఆడది, "పీ" అనాలి. టీచరుగారు నవ్వలేదు. "అచ్ఛా, ఆప్‌నే చాయ్ పీ? ఔర్ క్యా ఖాయా?" అని మాట ముందుకి పోనిచ్చారు. సరైన రూపం నా చెవిన పడింది, నా పరువూ దక్కింది. రెండో ఏడు మా నాయనమ్మ గురించి మూడు నిమిషాలు మాట్లాడమన్నారు. తప్పులు బోలెడు దొర్లాయి. ఆవిడ మధ్యలో ఆపకుండా అంతా విని, "ఆ తరవాత మీ నాయనమ్మ ఏమన్నారు?" అని అడిగారు. నేను హిందీ మాట్లాడుతున్నానని మొదటిసారి అనిపించింది అప్పుడే.

వారానికి ఐదు గంటల లెక్కన రెండేళ్ళకి 300 గంటలు. అమెరికా విదేశాంగ శాఖ తమ ఉద్యోగులు హిందీలో పని చేసుకోవాలంటే సుమారు 1100 క్లాసు గంటలు కావాలంటుంది. అంచేత నాది మధ్యస్థాయి దగ్గరే ఆగింది. జోకులకి మాత్రం ఇప్పుడు వేళకే నవ్వుతున్నాను. అన్నట్టు, ఆ శాఖ లెక్కలో తెలుగుకీ అన్నే గంటలు.

అక్క మాట ప్రకారం మా మేనకోడలితో మాట్లాడాను. "తెలుగెందుకు మాట్లాడవే?" అన్నాను. "మామయ్యా, నేను మాట్లాడితే అందరూ నవ్వుతారు" అంది. అప్పుడు గుర్తొచ్చింది నాకు. దానికి ఏడేళ్ళప్పుడు, ఇంటినిండా చుట్టాలుండగా, "తాతయ్య వచ్చింది" అంది. ఇల్లంతా ఒకటే నవ్వు. ముద్దుగా ఉందని మళ్ళీ మళ్ళీ అనిపించారు. నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను. నా "చాయ్ పియా"కీ దాని "తాతయ్య వచ్చింది"కీ తేడా ఏముంది చెప్పండి? నన్ను మాట్లాడనిచ్చారు, దాన్ని మాట్లాడకుండా చేశాం.

అందుకని హిందీ తీసుకోమనే చెప్పాను. అక్కకి మాత్రం ఇంకో మాట చెప్పాను. ఇంట్లో రోజుకి అరగంట తెలుగు మాట్లాడుకుంటే ఏడాదికి 180 గంటలు దాటుతుంది. యూనివర్సిటీలో ఏడాది క్లాసుకన్నా ఎక్కువ. జీతమిచ్చి టీచర్ని పెట్టుకోనక్కర్లేదు. నవ్వకుండా వినేవాళ్ళుంటే చాలు.

మొన్న ఆదివారం మేనకోడలు తెనాలికి ఫోన్ చేసింది. "అమ్మమ్మా, నువ్వు ఏం తిన్నాడు?" అంది. పక్కనే ఉన్న అక్క నవ్వు ఆపుకుంది. మా అమ్మ ఏ భాషా క్లాసుకీ వెళ్ళలేదు. "నేను గోంగూర పచ్చడి తిన్నానే తల్లీ. మరి నువ్వేం తిన్నావు?" అంది.

ఆ రోజు ఇద్దరూ పావుగంట మాట్లాడుకున్నారు.