రెండోసారి అడిగితే జవాబెందుకు మారింది
(సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం)

నేను చదివింది పదో తరగతి. పెద్ద లెక్కలు రావు. కానీ మా గ్రూపు పుస్తకాలు తొమ్మిదేళ్ల నుంచి నేనే రాస్తున్న. మొన్న మా గ్రూపులో జరిగిన గొడవ విని, దీని గురించి అందరికీ చెప్పమని అధ్యక్షురాలు అక్క అన్నరు.

గొడవ ఏందంటే, బ్యాంకు లింకేజీ లోను కోసం సూక్ష్మ రుణ ప్రణాళిక రాస్తున్నం. ఇంట్లో ఎందరు, ఏం పని, అప్పు ఎంత అని ఒక్కొక్కరినీ అడుగుతున్న. ఒకామె "మా ఆయన ఇంట్ల ఉండడు, నాలుగేండ్లయింది" అన్నది. పక్కనున్నామె వెంటనే పట్టుకున్నది: "2024 నవంబరులో ఇంటింటి సర్వేకు వచ్చినప్పుడు ఉన్నడనే చెప్పినవ్ కదా, నేను అక్కడే ఉన్న." మాట మాట పెరిగి, అబద్ధం చెప్పే మనిషికి లోను ఎట్ల ఇస్తమనే దాకా పోయింది. ఆమె ఏడ్చుకుంట లేచిపోయింది. రెండు మీటింగులకు రాలేదు.

నేను వాళ్లింటికి పోయి అడిగిన. అప్పుడు చెప్పింది. సర్వే వాళ్లు గుమ్మం ముందు నిలబడి ప్రశ్నలు పైకే చదివిన్రట. ఇంటి ఓనరు మెట్ల మీద నిలబడి వింటున్నడట. ఒంటరిగా ఉంటున్నదని తెలిస్తే ఇల్లు ఖాళీ చేయమంటడని భయం. మన మీటింగులో తలుపేసుకొని అందరం ఆడవాళ్లమే ఉంటిమి, ఉన్నది చెప్పింది. ప్రశ్న ఒక్కటే, వినే చెవులు వేరు. ఆ మాట నాకు రాత్రంతా నిద్ర పట్టనియ్యలేదు, ఎందుకంటే ఆ రోజు గ్రూపు లీడరుగా మాట ఆపాల్సింది నేనే, ఆపలేదు.

ఇంకో సంగతి, నా సంగతే. అదే సర్వేకు మా ఇంటికి వచ్చినప్పుడు నేను పనికి పోయిన. మా మామయ్య జవాబు చెప్పిండు. "కోడలు ఇంట్లనే ఉంటది, పనేం లేదు, ఏడో తరగతి చదివింది." పాపం ఆయనకు దురుద్దేశం ఏమీ లేదు. నేను నెలకు పది పదిహేను రోజులు కాస్ట్యూమ్ వాళ్ల దగ్గర హెమ్మింగు, హుక్కులు కుడతానని ఆయనకూ తెలుసు. కానీ ఆయన దృష్టిలో అది పని కాదు, చేతి ఖర్చు. మన ఇండ్లల్లో ఎంతమంది ఇట్ల "పనేం లేదు" అయిపోయినమో చూసుకోండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆడవాళ్లను విడిగా, ఆడమనిషే వచ్చి అడుగుతది. జనగణనలో ఇంట్లో ఎవరుంటే వాళ్లు అందరి గురించి చెప్తరు. రెండిట్లో జవాబులు ఒక్కతీరుగ రావాలంటే ఎట్ల వస్తయి?

పని ప్రశ్నలో ఇంకో తిరకాసు ఉన్నది. జనగణనలో పోయిన ఏడాది అంతా కలిపి అడుగుతరు. ఆరు నెలలు, అంతకంటే ఎక్కువ పని చేస్తే ముఖ్య కార్మికులు, తక్కువ చేస్తే ఉపాంత కార్మికులు. కొన్ని సర్వేల్లో పోయిన వారం ఏం చేసినవని అడుగుతరు. మన దగ్గర సినిమా పని అంటే పిలుపు వస్తేనే పని. జూనియర్ ఆర్టిస్టులు, సెట్టు పని వాళ్లు, ప్రొడక్షన్‌లో వంటపాత్రలు కడిగేవాళ్లు, అందరిదీ అంతే. 2025 ఆగస్టులో కూలి పెంచాలని కార్మికుల సమ్మె నడిచి రెండు వారాలకు పైగా షూటింగులు ఆగినయి. ఆ వారం అడిగితే సగం బస్తీకి పని లేదు. ఏడాది మొత్తం అడిగితే ఉన్నది. రెండూ నిజమే.

మనుషుల లెక్క కూడా అంతే. 2011 జనగణనలో ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా తిరిగి, ఎక్కడ నివాసం ఉంటే అక్కడ రాసుకున్నరు. మేము ఈ బస్తీలోనే పడ్డం. 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే ఒక్కరోజులో చేసిన్రు. ఆ రోజు ఇంట్లో ఉండాలన్నరు. పింఛను, రేషన్ కార్డు పోతయేమోనని జనం బస్సులు పట్టుకొని ఊర్లకు పోయిన్రు, మా వాళ్లు కూడా. తర్వాత 2024 సర్వేలో రాష్ట్రంలో 3 కోట్ల 54 లక్షల మందిని రాసుకున్నరు. 2014 లెక్క అంతకంటే ఎక్కువ ఉండె. పదేండ్లకు జనం తగ్గిన్రా అని చాలామంది అడిగిన్రు. ఆ సర్వేలో సుమారు 16 లక్షల మంది మిగిలిపోయిన్రని సర్కారే చెప్పి, 2025 ఫిబ్రవరి 16 నుంచి 28 దాకా మళ్లీ అవకాశం ఇచ్చింది. తలుపుకు స్టిక్కర్ అంటించి పోయి, మళ్లీ రాని ఇండ్లు మన దగ్గరా ఉన్నయి. జూబ్లీహిల్స్ పెద్ద గేట్ల దగ్గర "సార్ లేరు" అని చెప్పేది మన చెల్లెలే. కానీ ఆ వెనక గదిలో ఉండే వాచ్‌మన్ కుటుంబాన్ని అడిగిందెవరు?

జనగణన చేసేవాళ్లకు ఇవన్నీ తెలియకేం కాదు. 1951 నుంచి ప్రతి జనగణన అయినాక కొన్ని చోట్ల వేరే సిబ్బంది పోయి మళ్లీ అడుగుతరు. ఎవరు తప్పిపోయిన్రు, వయసు, చదువు జవాబులు ఎక్కడ మారినయి అని సరిచూస్తరు. 2011లో వెయ్యికి 23 మంది లెక్కలో తప్పిపోయినట్టు తేలింది. వయసు సంగతి చెప్పే పని లేదు. ముప్పై, ముప్పై అయిదు, నలభై. మధ్యలో ఏ వయసూ లేనట్టే చెప్తం! నా వయసైతే ఆధార్‌లో ఒకటి, టెన్త్ మెమోలో ఒకటి.

అప్పు గురించి కొంచెం గట్టిగానే చెప్తున్న. భర్త పక్కనుంటే డైలీ ఫైనాన్స్ అప్పు చెప్పం, అత్త పక్కనుంటే గ్రూపు లోను చెప్పం. కొందరు అద్దె ఇల్లు పోతదని కులం కూడా మార్చి చెప్పిన్రు. వాళ్లను నేను తప్పు పట్టను. కానీ ఆ కాగితంలో మన అప్పు లేకపోతే, మన పని లేకపోతే, మన తరఫున అడగడానికి చేతిలో ఏమీ ఉండదు.

ఇప్పుడు 2027 జనగణన వస్తున్నది. కులం కూడా అడుగుతరు. 1948 జనగణన చట్టం ప్రకారం మనం చెప్పింది బయట పెట్టొద్దు, కోర్టులో సాక్ష్యంగా కూడా పనికిరాదు. ఓనరు వింటుంటే "లోపలికి రండి మేడం" అనండి. మీ జవాబు మీరే చెప్పండి. పనికి పోయే రోజైతే ఎవరి వయసెంత, చదువెంత, ఏం పని అని కాగితం మీద రాసి ఇంట్లో పెట్టిపోండి. మా గ్రూపులో వచ్చే రెండు మీటింగులు ఈ కాగితాలు రాయడానికే పెట్టుకున్నం. రాయరాని వాళ్లకు రాసిపెట్టే పని ఆ రోజు లేచిపోయిన అక్కే తీసుకున్నది. ఆమె లోను పోయిన నెల మంజూరైంది, రెండో కిస్తీ కూడా కట్టింది.