బొగ్గెక్కే బండి, మనుషులెక్కే బండి

గని కార్మికుల స్మృతిలో జరిగే సభలో రవాణా విధానం మీద మాట ఎందుకని సింగరేణి గనుల ఊరు శ్రీరాంపూర్‌లో ఎవరికైనా అనుమానం రావచ్చు. బాయిలో పనిచేసి రిటైరైన వాళ్లకు మాత్రం ఆ అనుమానం రాదు. బొగ్గు తవ్వడం ఎంత పనో, తవ్విన దాన్ని పైకి తేవడం, ఒడ్డు చేర్చడం అంతే పని. తట్టా చెమ్మసుతో టబ్బులు నింపిన రోజుల నుంచి వంద టన్నుల డంపర్ల దాకా సింగరేణి చరిత్రలో సగం రవాణా చరిత్రే.

ఆ చరిత్రలో పట్టాలది పెద్ద పాత్ర. ఇల్లందు దగ్గర బొగ్గు ఉన్నట్టు విలియం కింగ్ 1871లో గుర్తించాడు. అయినా పెద్ద ఎత్తున తవ్వకం మొదలవడానికి 1889 దాకా ఆగాల్సి వచ్చింది. నిజాం రైలు మార్గం దోర్నకల్ దాటి బెజవాడకు చేరిందీ ఆ రోజుల్లోనే. పట్టాలు రాకముందు ఆ బొగ్గు ఉన్నా లేకున్నా ఒకటే. కాజీపేట నుంచి బల్లార్షా దాకా లైను 1929లో పూర్తయ్యాక మద్రాసు, ఢిల్లీల మధ్య ఈ ప్రాంతం మీదుగా నేరుగా రైలు దారి ఏర్పడింది. మంచిర్యాల, రవీంద్రఖని, మందమర్రి, బెల్లంపల్లి స్టేషన్లు ఆ దారిలోవే. మంచిర్యాల సిమెంటు, కాగజ్‌నగర్ కాగితం, బసంత్‌నగర్, దేవాపూర్ సిమెంటు ఫ్యాక్టరీలు ఇక్కడ నిలదొక్కుకోవడానికి సున్నపురాయి, వెదురు, బొగ్గు ఎంత కారణమో, పక్కనే రైలు ఉండటం అంత కారణం. సుస్థిర రవాణా అనే మాట అప్పటికి పుట్టలేదు, పని మాత్రం జరిగిపోయింది.

ఢిల్లీలోనూ ఈ సంగతి తెలియనిది కాదు. 1970ల చమురు సంక్షోభంలో చేతులు కాల్చుకున్న కేంద్ర ప్రభుత్వం 1978లో బి.డి.పాండే అధ్యక్షతన జాతీయ రవాణా విధాన కమిటీని వేసింది. 1980లో నివేదిక వచ్చింది. దూరాలకు పోయే బరువైన సరుకు రైలెక్కాలి, డీజిల్ ఆదా కావాలి అన్నది అందులో ముఖ్యమైన మాట. ముప్పై ఏళ్లు గడిచాక రవాణా విధానం మీదే కేంద్రం వేసిన రాకేశ్ మోహన్ కమిటీ చెప్పిన దాని సారాంశం కూడా అంతకు మరీ దూరంగా లేదు. నగరాల కోసం 2006లో వచ్చిన జాతీయ పట్టణ రవాణా విధానం, రోడ్లు వాహనాల కోసం కాదు, మనుషుల కోసం అని చెప్పింది. కాగితం మీద ఈ దేశ రవాణా విధానంలో తప్పు వెతకడం కష్టం.

డబ్బు వేరే దారిన పోయింది. 1950-51లో దేశంలోని సరుకు రవాణాలో నూటికి ఎనభై అయిదుకు పైగా రైలుదే. ఇప్పుడు మూడో వంతు కూడా లేదు. జాతీయ రైల్వే ప్రణాళికే దాన్ని నూటికి 27 అని లెక్కగట్టి, 2030 నాటికి 45కు చేర్చాలని లక్ష్యం పెట్టుకుంది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో 53 వేల కిలోమీటర్లు దాటిన రైలు మార్గం ఏడు దశాబ్దాల్లో 68 వేల చిల్లరకు చేరింది. అదే కాలంలో జాతీయ రహదారులు దాదాపు 20 వేల నుంచి 1 లక్షా 46 వేల కిలోమీటర్లకు పెరిగాయి. పాత రాష్ట్ర రోడ్లకు కొత్త నంబర్లు వేసినవి ఇందులో చాలా ఉన్నాయి కాబట్టి ఈ పోలికను మరీ సాగదీయకూడదు. మొగ్గు ఎటున్నదో చెప్పడానికి మాత్రం చాలు.

రేకుకూ లారీకీ ఉన్న తేడా శ్రీరాంపూర్ వాళ్లకు లెక్కలు చూపి చెప్పాల్సింది కాదు. 58, 59 వ్యాగన్ల రేకు ఒక్కటి దాదాపు 4 వేల టన్నుల బొగ్గు మోస్తుంది. ఇరవై టన్నుల చొప్పున లారీల్లో వేస్తే రెండు వందల లారీలు కావాలి. రెండు వందల ఇంజన్లు, రెండు వందల మంది డ్రైవర్లు, మధ్యలో ఎన్ని ఊళ్లుంటే అన్ని ఊళ్ల బడి పిల్లలు. గాలి సంగతి తర్వాత మాట్లాడుకున్నా ఫర్వాలేదు. 2022లో దేశవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. ఏ గని ప్రమాదమూ ఇంతమందిని తీసుకుపోలేదు. గనికి ఒక భద్రతా చట్టం, ఒక డైరెక్టర్ జనరల్, ప్రతి ప్రమాదానికీ విచారణ ఉన్నాయి. గని గేటు దాటిన లారీ మీద అంత నిఘా ఎక్కడుంది?

చిక్కంతా మొదటి కొద్ది కిలోమీటర్లలోనే. గని నుంచి కోల్ హ్యాండ్లింగ్ ప్లాంటు (సీహెచ్‌పీ) దాకా, రైలు సైడింగ్ దాకా ఉన్న ఆ దూరం ఏ జాతీయ పటంలోనూ కనిపించదు. బొగ్గు రోడ్డు పక్కన నిలబడితే కనిపిస్తుంది. ముందు ట్యాంకర్ నీళ్లు చల్లుకుంటూ పోతుంది. గంట తిరక్కుండానే ఎండకు ఆ తడి ఆరిపోతుంది. వెనక వచ్చే టిప్పర్ మీద టార్పాలిన్ ఒక మూల లేచి కొట్టుకుంటూ ఉంటుంది. వాన పడిన రోజు దుమ్ము ఉండదు, దాని బదులు నల్ల బురద ఉంటుంది, టూవీలర్ మీద ఫస్ట్ షిఫ్టుకు పోయేవాడు అందులోనే జారతాడు. కేంద్ర బొగ్గు శాఖ ఫస్ట్ మైల్ కనెక్టివిటీ పేరుతో కన్వేయర్ బెల్టులు, సైలోలు పెట్టించి పెద్ద గనుల్లో ఈ లారీలను తగ్గించాలంటున్నది. వైట్ పేపర్ల కన్నా ఈ ఒక్క పని ఎక్కువ పర్యావరణ పరిరక్షణ.

అది జరిగే పనే అనడానికి సాక్ష్యం సింగరేణిలోనే ఉంది. సత్తుపల్లి జేవీఆర్ ఓపెన్‌కాస్టు బొగ్గు ఏళ్ల తరబడి ఊళ్ల మధ్య నుంచి లారీల మీద కొత్తగూడెం వైపు పోయింది. దుమ్ము మీద, ప్రమాదాల మీద ధర్నాలు జరిగాయి. చివరికి భద్రాచలం రోడ్డు స్టేషన్ నుంచి సత్తుపల్లి దాకా సుమారు 54 కిలోమీటర్ల రైలు మార్గం వేశారు. ఖర్చులో 618 కోట్ల రూపాయలు సింగరేణే పెట్టుకుంది. 2022 నుంచి అక్కడి బొగ్గు రైలెక్కుతోంది. ఒక కంపెనీ, రైల్వే కూర్చుని ఖర్చు పంచుకుంటే అయిపోయిన పని ఇది. దీనికి కొత్త సాంకేతికత ఏదీ అక్కర లేకపోయింది.

డబ్బు ఎక్కడిదని అడిగేవాళ్లు ఉంటారు. అడగాల్సిందే. 2010లో కేంద్రం ప్రతి టన్ను బొగ్గు మీద 50 రూపాయల స్వచ్ఛ ఇంధన సెస్సు వేసింది. అది 100 అయింది, 200 అయింది, 2016లో 400కు చేరింది. శుభ్రమైన ఇంధనం కోసం బొగ్గు దగ్గర వసూలు చేయడం అన్యాయమని ఎవరూ పెద్దగా వాదించలేదు. 2017లో జీఎస్టీ వచ్చింది. ఆ 400 రూపాయలు అలాగే ఉన్నాయి, పేరు మారింది, గమ్యం మారింది. రాష్ట్రాలకు జీఎస్టీ వల్ల వచ్చిన లోటు పూడ్చడానికి పోయాయి. 2025 సెప్టెంబరులో ఆ సెస్సు ఎత్తేసి బొగ్గు మీద జీఎస్టీని 5 శాతం నుంచి 18 శాతానికి పెంచారు.

2023-24లో సింగరేణి తీసిన బొగ్గు 7 కోట్ల టన్నులు. టన్నుకు 400 చొప్పున లెక్కేస్తే ఒక్క ఏడాదికి 2,800 కోట్లు. సత్తుపల్లి లైనులో సింగరేణి పెట్టిన వాటాకు అది నాలుగు రెట్ల పైమాటే. ఈ డబ్బులో ఒక పాయ అయినా బొగ్గు ఊళ్ల రవాణా మీద ఖర్చు పెట్టాలని ఎవరూ చట్టంలో రాయలేదు. స్విట్జర్లాండ్ రాసుకుంది. ఆల్ప్స్ దాటే సరుకు రోడ్డు వదిలి రైలెక్కాలని 1994లో అక్కడి ప్రజలు ఓటేశారు. 2001 నుంచి బరువును, దూరాన్ని బట్టి లారీల దగ్గర రుసుము వసూలు చేస్తున్నారు. ఆ డబ్బులో పెద్ద వాటా రైలు మార్గాలకు పోయింది, కొత్త గొట్థార్డ్ రైలు సొరంగం 2016లో తెరుచుకుంది. ఆ దేశం గొప్పది కాబట్టి చేయగలిగిందనడం తేలిక. ఎవరి దగ్గర తీసుకున్న డబ్బు ఎక్కడ పెట్టాలో ముందే రాసుకోవడానికి గొప్ప దేశం కానవసరం లేదు.

ఇక మనుషులెక్కే బండి.

నిజాం రైల్వే 1932లో 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా విభాగం పెట్టింది. రైలు నడిపేవాళ్లే బస్సూ నడిపారు. ఒకే చేతి కింద రెండూ ఉండటం ఎంత ముందుచూపో ఇప్పుడు తెలుస్తుంది. మంచిర్యాల స్టేషన్లో అర్ధరాత్రి దిగి శ్రీరాంపూర్‌కో చెన్నూరుకో పోవాల్సినవాడు ఆటోవాడు అడిగినంత ఇచ్చుకుంటాడు. రైలు టైముకూ బస్సు టైముకూ మధ్య మాట కలిపే ఆఫీసు ఇప్పుడు ఏ ప్రభుత్వంలోనూ లేదు.

ఆర్టీసీ ఎన్ని దెబ్బలు తిన్నా ఈ ప్రాంతంలో నిలిచింది. 2019లో అక్టోబరు 5న మొదలై నవంబరు ఆఖరు దాకా సాగిన సమ్మెలో పల్లెలు ఎలా నరకం చూశాయో ఆదిలాబాద్ ఏజెన్సీ జనానికి గుర్తుంది. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం వచ్చింది. పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లు ఆధార్ కార్డు చూపిస్తే కండక్టర్ మిషన్ లోంచి జీరో టికెట్ వస్తుంది. దీన్ని ఉచితాల ఖాతాలో వేసి వెక్కిరించిన వాళ్లు దీన్నొక రవాణా విధానంగా చూడలేదు. మొగుడి బండి వెనక కూర్చుంటే తప్ప కదల్లేని ఆడది ఒంటరిగా కరీంనగర్ ఆస్పత్రికి పోయి సాయంత్రానికి తిరిగి రావడం ఏ మెట్రో కన్నా తక్కువ మార్పు కాదు. దెబ్బ తగిలింది ఆటోవాళ్లకు. వాళ్లు రోడ్డెక్కారు కూడా. ఏడాదికి 12 వేలు ఇస్తామన్న ఎన్నికల హామీ ఏమైందని అడుగుతున్నారు. వాళ్ల బాధ నిజం. విధానం మారినప్పుడల్లా ఎవరో ఒకరి పొట్ట మీద పడుతుంది, ఆ ఎవరో ఎప్పుడూ కారున్నవాడు కాడు.

విద్యుత్ బస్సుల మాట ఇక్కడ తప్పకుండా వస్తుంది. 2024లో కరీంనగర్ నుంచి అవి నడవడం మొదలైంది. పొగ లేదు, చప్పుడు లేదు, ఎక్కినవాళ్లు మెచ్చుకుంటున్నారు. ఆ బస్సు బ్యాటరీకి ఎక్కే కరెంటులో ఎక్కువ భాగం మళ్లీ బొగ్గుదే. జైపూర్‌లో సింగరేణి 1,200 మెగావాట్ల కేంద్రం, గోదావరి అవతలి ఒడ్డున రామగుండం ఎన్టీపీసీ ఉండగా ఇది దాచేస్తే దాగే సంగతి కాదు. అంతమాత్రాన విద్యుత్ బస్సు వృథా అనలేం. డీజిల్ ఇంజన్ తాగిన ఇంధనంలో ఎక్కువ పాలు వేడిగా పోతుంది, మోటారులో నష్టం చాలా తక్కువ. పైగా రామగుండం రిజర్వాయర్ మీద 100 మెగావాట్ల తేలియాడే సౌర పలకలు 2022 నుంచి కరెంటు ఇస్తున్నాయి. కరెంటు శుభ్రపడే కొద్దీ బస్సూ శుభ్రపడుతుంది. డీజిల్ బస్సుకు ఆ వీలు లేదు.

అసలు అభ్యంతరం వేరే చోట ఉంది. 2024 నవంబరు 18 నుంచి తెలంగాణలో విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ అయ్యాయి. ఈ మాఫీ కార్లకూ ఉంది. లక్షలు పెట్టి విద్యుత్ కారు కొన్న హైదరాబాద్ ఆసామి ఒక్క పైసా రోడ్డు పన్ను కట్టడు. చెన్నూరు పల్లె వెలుగు తాగే ప్రతి లీటరు డీజిల్ మీదా ఆర్టీసీ పన్ను కడుతుంది. ఒక కారులో సాధారణంగా ఒకరు, బస్సులో అరవై మంది. ట్రాఫిక్ జామ్‌లో ఇరుక్కున్న విద్యుత్ కారుకూ పెట్రోల్ కారుకూ ఆక్రమించే చోటులో తేడా లేదు. విద్యుత్ బస్సులు చాలావరకు అద్దె పద్ధతిలో వస్తున్నాయి. బస్సు, డ్రైవరు కంపెనీవి, కిలోమీటరుకు ఇంతని ఆర్టీసీ కడుతుంది. కొత్త బస్సు వచ్చిన సంతోషంలో పాత డ్రైవరు ఉద్యోగం ఏమవుతుందన్న ప్రశ్న డిపోల్లో గట్టిగానే వినిపిస్తోంది. గనుల్లో 1990ల మొదట్లో లక్ష దాటిన ఉద్యోగులు ఇప్పుడు నలభై వేల చిల్లరకు ఎలా వచ్చారో చూసిన ప్రాంతానికి ఆ ప్రశ్న కొత్తది కాదు.

చివరిగా పెద్ద చిక్కుముడి. రైల్వే మోసే సరుకులో దాదాపు సగం బొగ్గే. 2023-24లో ఎక్కించిన 159 కోట్ల టన్నుల్లో 78 కోట్లకు పైగా బొగ్గు. సరుకు మీద వచ్చే లాభంతోనే ప్రయాణికుల టికెట్టు తక్కువకు వస్తోంది. 2070 నాటికి కర్బన ఉద్గారాలను సున్నాకు తెస్తామని 2021లో గ్లాస్గోలో మాట ఇచ్చిన దేశం బొగ్గు తగ్గించుకుంటూ పోతే, మంచిర్యాల నుంచి సికింద్రాబాద్ పోయే జనరల్ బోగీ టికెట్టు ఖర్చు ఎవరు భరించాలి? సుస్థిర రవాణా మీద రాసే వాళ్లలో చాలామంది ఈ ముడి దగ్గరికి రారు.

ముడి విప్పే సరుకు ఈ చుట్టుపక్కలే ఉంది. ఉమ్మడి కరీంనగర్ రైస్‌మిల్లుల బియ్యం, 2021లో మళ్లీ మొదలైన రామగుండం యూరియా, సిమెంటు. 2015-16లో మంజూరైన కాజీపేట–బల్లార్షా మూడో లైను పూర్తయితే సరుకుకూ ప్రయాణికుల బండికీ ఒకే పట్టా మీద కొట్లాట తగ్గుతుంది. 2017లో నిజామాబాద్ దాకా పూర్తయిన పెద్దపల్లి లైను మీద రోజూ ఎన్ని బళ్లు నడుస్తున్నాయో చూస్తే, వేసిన పట్టాను వాడుకోవడం కూడా ఒక విధానమేనని తెలుస్తుంది. ఇందులో రాష్ట్రం చేతిలో ఉన్నది కొంతే. కంపెనీ, జిల్లా చేతిలో ఉన్నది మరి కొంత. 2015 గనుల చట్ట సవరణతో వచ్చిన జిల్లా ఖనిజ నిధిని రోడ్లు, వంతెనలతో పాటు రైల్వేల మీద కూడా ఖర్చు పెట్టవచ్చని మార్గదర్శకాల్లోనే ఉంది. ఇప్పటిదాకా మంత్రుల శంకుస్థాపన ఫలకాల మీద ఎక్కువగా కనిపించేది సీసీ రోడ్డే. షిఫ్టు మారే వేళకు సరిపోయే బస్సు ఏ ఫలకం మీదా ఉండదు, దానికి కొబ్బరికాయ కొట్టే చోటు లేదు కదా.

విద్యుత్ వాహనాల పన్ను మాఫీకి ప్రభుత్వం పెట్టిన గడువు 2026 డిసెంబరు 31. ఆ తర్వాత మాఫీ కారుకు కొనసాగాలా, లేక అదే డబ్బు పల్లె వెలుగు డీజిల్ పన్ను తగ్గించడానికో ఇంకో నాలుగు విద్యుత్ బస్సులకో పోవాలా అన్నది హైదరాబాద్‌లో తేలుతుంది. గడువు తర్వాతి ఉత్తర్వు ముసాయిదా దశలో ఉండగానే కార్మిక సంఘాలు, ఆటో యూనియన్లు, మహిళా సంఘాలు కలెక్టరేట్ ఉన్న నస్పూర్ నుంచి తమ లెక్కలు పంపాలి.