దూరపు చూపునకు అడ్డుతెర



పెంకుటింటి కప్పులోని సందు గుండా ఎండపొడ లోపలికి దూరినపుడు, అందు ధూళికణములు మిలమిల మెరయుట ఎల్లవారును చూచినదే. పూర్వులు వానికి త్రసరేణువులని పేరిడిరి. ఎండపొడ లేనిచో అవి యున్నట్లే తెలియదు. ఇంతకంటెను సన్నని కణములు గాలిలో దట్టముగా నిండినచో కొండలు సైతము మరుగుపడును. అమెరికా దేశమందలి ఒక మహాలోయ విషయమున ఇదియే పెద్ద వివాదమునకు కారణమైనది.

ఆ లోయ ఆరిజోనా రాష్ట్రమందలి గ్రాండ్ కాన్యన్. కొలరాడో నది లక్షలాది సంవత్సరములుగా మెట్టభూమిని కోయగా ఏర్పడినది. దాని నిడివి 446 కిలోమీటర్లు. లోతు కొన్ని తావుల 1,600 మీటర్లకు మించును. 1919లో దానిని జాతీయోద్యానవనముగా ప్రకటించిరి. అచటి గాలి పొడిది, జనావాసములు అరుదు. గాలి నిర్మలముగా ఉన్న దినమున ఎంతో దూరపు కొండలు స్పష్టముగా కనబడును. యాత్రికులు కోరి పోవునది ఆ దృశ్యమునకే.

ఎదుటి కొండ కనబడవలెనన్న, దానినుండి బయలుదేరిన వెలుగు కన్ను చేరవలెను. నడుమ సూక్ష్మకణములు నిండినచో రెండు చెరుపులు జరుగును. కొండనుండి వచ్చు వెలుగులో కొంత ప్రక్కలకు చెదరిపోవును. సూర్యుని వెలుగు కణములపై బడి చూపరి కంటివైపు మరలును. అందువలన కొండ ముందు తెల్లని తెర పరచినట్లగును. రాతిపొరల వన్నెలు మాసిపోవును.

ముతక ఇసుక గాలికి లేచినను త్వరలోనే నేల చేరును. తలవెండ్రుక మందములో నూరవ వంతు గల కణములు మాత్రము దినముల తరబడి తేలుచుండును. వాని కొలత వెలుగు తరంగముల కొలతకు సమీపమగుటచే, అవియే వెలుగును అధికముగా చెదరగొట్టును.

వీనిలో గంధకమువలన పుట్టినవి ముఖ్యములు. బొగ్గు మండినపుడు అందలి గంధకము వాయువై వెలువడును. ఆ వాయువు కంటికి కనబడదు. గాలిలో పయనించుచు అది సల్ఫేటు కణములుగా మారును. అవి తేమను పీల్చి ఉబ్బినకొలది మసక హెచ్చును. కావున పొగగొట్టము చెంత ఆకాశము తేటగా నున్నను, దూరమున మసక కమ్మవచ్చును. కారకుడెవడో నిరూపించుట అంత సులభము కాదు.

దూరదృశ్యమును సైతము కాపాడవలెనని 1977లో అమెరికా శాసనము లక్ష్యముగా నిర్ణయించెను. లోయకు ఎగువన పేజ్ పట్టణ సమీపమున 2,250 మెగావాట్ల నవాహో బొగ్గు విద్యుత్కేంద్రము ఆనాడు పనిచేయుచుండెను. 1987 శీతకాలమున పరిశోధకులు దాని పొగలో, ప్రకృతిలో దాదాపు లేని ఒక వాయువును గుర్తుగా కలిపిరి. ఆ గుర్తు లోయ అంచున దొరకెను. మసకలో ఆ కేంద్రము పాలెంత అను విషయమున వాదములు చెలరేగెను. తుదకు 1991లో గంధక వాయువును నూటికి 90 పాళ్లు తగ్గించుటకు ఒప్పందము కుదిరెను. 1999 నాటికి పొగను కడుగు యంత్రములు అమరెను.

2019లో, చౌకయైన సహజవాయువుతో పోటీపడజాలక, ఆ కేంద్రము మూతపడెను. దానిని, దాని బొగ్గుగనిని నమ్ముకొని బ్రతికిన నవాహో, హోపీ జాతుల కార్మికులు జీవనోపాధి కోల్పోయిరి. ఆకాశము తేటపడుట ఒక లాభము. పొయ్యిలో నిప్పు ఆరుట ఒక నష్టము. ఈ రెంటిలో దేనిని విస్మరించినను న్యాయము కాదు.

మసక ఇంకను పూర్తిగా తొలగలేదు. దూరనగరముల పొగ, కార్చిచ్చుల పొగ, ఎడారి ధూళి నేటికిని లోయను చేరుచున్నవి. మానవకృతమైన మసకను 2064 నాటికి నివారింపవలెనని అచటి నియమము. కొండను మరుగుపరచు ఆ సూక్ష్మకణమే ఊపిరితిత్తుల లోతులకు దిగి వ్యాధులకు హేతువగును. కావున దూరపు కొండ మసకబారినపుడు, ఆ గాలినే పీల్చుచున్నామని ఎవరును మరువరాదు.