జుర్మానా కట్టే ముందు అడగవలసిన మాట

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేళ మేము మాట్లాడబోయేది బండిమీద పడే చలాన్ల గురించి. ఇదేం విషయమని నవ్వుకోవద్దు. సూర్యాపేట, కోదాడ రెండూ హైదరాబాదు - విజయవాడ రహదారి మీద వున్న వూళ్లు. మిర్యాలగూడలోనా, బియ్యం మిల్లులకు వచ్చే పోయే లారీలకు అంతే లేదు. మనవాళ్లలో ఆటో తోలేవారు, లారీ డ్రైవర్లు, తోపుడు బండి మీద పండ్లు అమ్మేవారు ఎందరో. నిలపగూడని చోట నిలిపావని ఫోటో తీస్తారు. ఫోనుకు సందేశం వస్తుంది. చదువుకునే పిల్ల చదివి చెబితే ఎంత కట్టాలో తెలుస్తుంది. ఎందుకు కట్టాలో, కాదనుకుంటే ఎవరి దగ్గరికి పోవాలో ఆ పిల్లకు మాత్రం ఎట్లా తెలుస్తుంది?

ముందు ఒక సంగతి. చలాన్ అంటే కోర్టు ఫైసలా కాదు. 1988 మోటారు వాహనాల చట్టంలో 200వ సెక్షను కింద, కోర్టుదాకా పోకుండా డబ్బు కట్టి రాజీ చేసుకునే వీలు అది. కట్టితే అక్కడితో సరి. తప్పు మనది కాదంటే కట్టకుండా మేజిస్ట్రేటు ముందు చెప్పుకోవచ్చు. అప్పుడు తప్పు రుజువు చేయవలసింది వాళ్లే. కెమెరా యంత్రాలతో వేసే చలాన్లకు నంబరు కనిపించే ఫోటో, తారీఖు, టైము, స్థలం, ఏ సెక్షనో అన్నీ వుండాలనీ, నోటీసు 15 రోజుల్లో పంపాలనీ 2021లో చేర్చిన 167-ఎ నిబంధన చెప్పింది.

నిలిపే చోటు సంగతీ అంతే. బండ్లు ఎక్కడ నిలపాలో నిర్ణయించే అధికారం అదే చట్టం 117వ సెక్షనులో ప్రభుత్వానికీ, అది నియమించిన అధికారికీ వుంది. స్థానిక సంస్థతో సంప్రదించి చేయాలి. అంటే నిర్ణయమైన చోటికి ఒక ఉత్తర్వు వుండాలి గదా! దాని నకలు చూసినవారు ఈ సభలో ఎందరో చేతులెత్తమంటే సిగ్గుపడవలసి వస్తుంది.

ఇంకొక తంటా, అమ్మేసిన బండి. కాగితాలు మార్చకపోతే కొన్నవాడి చలాన్లన్నీ అమ్మినవాడి పేరు మీదికే వస్తాయి. రాష్ట్రంలోపల అమ్మితే 14 రోజుల్లో ఆ సంగతి రవాణా అధికారికి రాసి ఇవ్వాలి. దయచేసి ఈ పని వాయిదా వేయకండి.

ఇక ఖర్చు. అసలు బాధ ఇక్కడే. జుర్మానా కొన్ని వందలు. కోర్టుకు పోతే ఒక రోజు కూలి పోతుంది. వాయిదా పడితే రెండో రోజూ పోతుంది. వకీలు ఫీజు వేరే. అందుకే తప్పు లేనివాడు కూడా "పోనీలే" అని కడుతున్నాడు. వాణ్ణి మేము తప్పు పట్టము. కాని 1987 న్యాయ సేవల చట్టం కింద వకీలు ఉచితంగా దొరుకుతాడని వాడికి ఎవరూ చెప్పలేదు. స్త్రీలకు, వికలాంగులకు, షెడ్యూల్డు కులాల, తెగలవారికి ఆదాయపు హద్దు కూడా లేదు. మన ఇళ్లలో బండి ఆడవాళ్ల పేరు మీద వుండడం మామూలే. అట్లాంటప్పుడు కేసు ఆమె పేరు మీదికే వస్తే వకీలును అడిగే హక్కూ ఆమెదే. 15100కు ఫోను చేస్తే దారి చెబుతారు.

లోక్ అదాలత్‌లో కోర్టు ఫీజు లేదు, పనీ తొందరగా అవుతుంది. అయితే అక్కడి తీర్పు మీద అప్పీలు లేదు. మామూలు కోర్టులోనైనా నేరం ఒప్పుకున్నాక, శిక్ష ఎంత, చట్టప్రకారం వుందా అన్నది తప్ప వేరే అప్పీలు వుండదు. ఆలోచించి తలవూపండి. అప్పీలుకు వీలున్న తీర్పయితే నకలు ముద్దాయికి ఉచితం. దరఖాస్తు మాత్రం పెట్టాలి.

2022 మార్చిలో రాయితీ ఇచ్చారు. ఆటోలు, మోటారు సైకిళ్లవాళ్లు నాలుగో వంతు కట్టితే చాలన్నారు. 2023 డిసెంబరులో మళ్లీ ఇచ్చారు, తోపుడు బండ్లకైతే 90 శాతం తగ్గించారు. మనవాళ్లు సంతోషంగా కట్టారు. మంచిదే. అయితే ఇటువంటి రాయితీలవల్ల "ఈ చలాన్ సరైనదేనా" అని అడిగే అలవాటు పోతున్నదని మా అభిప్రాయం. తప్పుడు చలాన్‌కు నాలుగో వంతు కూడా ఎక్కువే.

అడగడానికి 2005 సమాచార హక్కు చట్టం వుంది. మండల స్థాయి ఆఫీసుకు 5 రూపాయలు, పైవాటికి 10. తెల్లకార్డువారికి రుసుము లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి. తెలుగులో రాయొచ్చు. 2017లో తెలంగాణలో ఉర్దూ రెండో అధికార భాష అయింది కాబట్టి ఉర్దూలోనూ రాయొచ్చు. నిజానికి ఆ చట్టం 4వ సెక్షను ప్రకారం ఎవరూ అడగకముందే, స్థానిక భాషలో, ఆఫీసులు చెప్పవలసిన సంగతులు చాలా వున్నాయి.

అందుచేత మూడు వూళ్లలోనూ సంఘం తరఫున దరఖాస్తులు పెట్టాలని అనుకుంటున్నాము. పార్కింగు ఉత్తర్వుల నకళ్లు, జుర్మానాల పట్టిక, అభ్యంతరం వినే అధికారి ఎవరు, ఏ రోజుల్లో వింటారు, ఈ నాలుగూ అడుగుతాము. జవాబులు తెలుగు, ఉర్దూ రెండింటిలో ఆటో స్టాండుల దగ్గర అంటిస్తాము. మీ దగ్గర పాత చలాన్లుంటే, కట్టినవైనా కట్టనివైనా, భోజనాలయ్యాక కార్యదర్శిగారి బల్ల దగ్గర ఇచ్చి పోండి.